ఐరన్ తింటే చాలదు... ఒంటికి పట్టాలి!

పొద్దున లేచింది మొదలు టిఫిన్లు, క్యారేజీలు. అందరూ వెళ్లాక ఇల్లాలు మిగిలినదేదో తిని, వెంటనే ఓ కప్పు టీ తాగుతుంది. మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నానికల్లా నీరసం. ‘వయసు మీదపడుతోందిలే’ అని సర్దిచెప్పుకుంటుంది. అది రక్తహీనత కావచ్చని ఇంట్లో ఎవరికీ తట్టదు!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి ఐరన్ లోపం.

ఎందుకంత ముఖ్యం?

ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకెళ్లేది రక్తంలోని హిమోగ్లోబిన్. దాని తయారీకి ఐరన్ కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం రోజుకు పురుషుడికి 19 మిల్లీగ్రాములు చాలు. నెలసరి వచ్చే వయసు స్త్రీకి మాత్రం 29 కావాలి. అంటే ఒకటిన్నర రెట్లు! మరి మన ఇళ్లలో ఆఖరున తినేది ఎవరు?

టీతోనే చిక్కు

తోటకూర, రాగులు, సజ్జలు, నువ్వులు, పప్పులు... మన వంటల్లో ఐరన్‌కు కొదవలేదు. అయితే శాకాహారంలోని ఐరన్‌లో ఒంటికి పట్టేది కొంచెమే. మాంసం, చేపలు, కాలేయంలోనిది అంతకంటే తేలిగ్గా వంటబడుతుంది. భోజనంతో పాటు టీ, కాఫీ తాగితే వాటిలోని పదార్థాలు ఆ కొంచాన్నీ అడ్డుకుంటాయి. విటమిన్-సి మాత్రం ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది.

ఇలా చేసి చూడండి

* టీ, కాఫీలకూ భోజనానికీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి.
* తోటకూర వేపుడు, పప్పు దించాక నిమ్మరసం పిండండి. భోజనంలో ఉసిరి పచ్చడి, తర్వాత జామకాయ ఉంటే మరీ మంచిది.
* మాంసాహారులైతే వారానికి ఒకట్రెండుసార్లు చేపలో, మాంసమో తినండి.
* కూరలు అప్పుడప్పుడూ ఇనుప మూకుడులో వండండి. టమాటాలాంటి పులుపు పడితే ఇనుము మరికాస్త దిగుతుంది.
* బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పారేయకుండా వేసుకోమని ఆడపిల్లలకు చెప్పండి.

నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. గర్భం లేని స్త్రీకి 12 గ్రాములకన్నా, గర్భిణికి 11 గ్రాములకన్నా తక్కువుంటే రక్తహీనతే. అప్పుడు తిండి ఒక్కటే చాలకపోవచ్చు. మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకోకూడదు. తలసేమియా ఉన్నవారికి ఐరన్ చేటు చేయొచ్చు కాబట్టి సొంత వైద్యం వద్దు. మగవారిలో రక్తం తగ్గితే లోపల ఎక్కడైనా రక్తస్రావం ఉందేమో చూపించుకోవాలి.

ఈ ఆదివారం అందరూ కలిసే భోంచేయండి. తోటకూర గిన్నె ఖాళీ కాకముందే అమ్మకీ వడ్డించండి. నిమ్మచెక్క మరిచిపోకండేం!