200 గజాల్లో ఒక బాస్కెట్‌బాల్ కోర్టు: మామయ్య కాలేజీ రోజుల నుంచి మా ప్రగతి నగర్ దాకా

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ పోల్‌తో మొదలవుతుంది.

మేముండేది ప్రగతి నగర్‌లో. మా అపార్ట్‌మెంట్ వెనకాల, కాంపౌండ్ గోడ పక్కన ఒక హాఫ్ కోర్టు ఉంది. ఒకటే పోల్, ఒకటే రింగు, నెట్ ఎప్పుడో చిరిగిపోయింది. పోయిన నెల మా అసోసియేషన్ గ్రూప్‌లో ఒక పోల్ పెట్టారు. "బాస్కెట్‌బాల్ ప్లేస్‌ని పార్కింగ్‌గా మార్చాలా? అవును, కాదు." అంతే. రెండు ఆప్షన్లు.

నేను పొద్దున్నే లేచి చూసేసరికి "అవును" ముందుంది. నిజం చెప్పాలంటే నాకూ కారు పెట్టుకోవడానికి సరైన జాగా లేదు. నా వేలు కూడా "అవును" మీదకే వెళ్ళింది. అప్పుడే మామయ్య మా ఇంట్లో ఉన్నాడు. ఫోన్ చూసి, "ఏరా అల్లుడూ, అది ఎన్ని గజాలుంటది?" అన్నాడు.

మన హైదరాబాద్‌లో ఏ మాటైనా చివరికి గజాల దగ్గరికే వస్తుంది కదా. సరే అని లెక్క వేశా. 3×3 బాస్కెట్‌బాల్ కోర్టు అఫీషియల్ సైజు 15 మీటర్లు, 11 మీటర్లు. అంటే 165 చదరపు మీటర్లు. గజాల్లోకి మారిస్తే 197. రౌండ్‌గా 200 గజాలు! మనవాళ్ళు జీవితమంతా ఈఎంఐ కట్టి కొనుక్కునే ఒక మామూలు ప్లాటు. ఫుల్ కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు. అది 502 గజాలు.

లెక్క చెప్పగానే మామయ్య నవ్వాడు. "500 గజాల్లో నా మూడేళ్ళ డిగ్రీ గడిచిందిరా" అన్నాడు. ఆ రాత్రి చెప్పినవే ఈ ఎపిసోడ్. దాంతో పాటు ఈ ఆట మన దాకా ఎలా వచ్చింది, కోర్టు మీద గీతలు ఎందుకు మారాయి, మన ఏరియాల్లో కోర్టులు ఎందుకు తగ్గుతున్నాయి, అన్నీ మాట్లాడుకుందాం.

మామయ్య 1992లో ఖమ్మం నుంచి డిగ్రీ చదవడానికి సిటీకి వచ్చాడు. నేను "సిటీ కాలేజీలో చదివావా?" అంటే వెంటనే, "సిటీ కాలేజ్ అంటే వేరు, సిటీలో కాలేజ్ అంటే వేరు" అని సరిచేశాడు. సిటీ కాలేజ్ అనేది ఒక పేరు. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన ఉంటుందే, ఆ పాత భవనం. విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైల్వే స్టేషన్ డిజైన్లు కూడా ఆయనవే. మామయ్య చదివింది అది కాదు, ఇంకో చిన్న డిగ్రీ కాలేజీ. నారాయణగూడ దగ్గర ఒక రూమ్‌లో నలుగురు ఉండేవాళ్ళు.

వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదంట. ఇంగ్లీష్ రాదు, హిందీ అంతకన్నా రాదు. సాయంత్రం కాలేజీ అయ్యాక నారాయణగూడ వైఎంసీఏ కోర్టు బయట నిలబడి ఆట చూసేవాడు. తర్వాత వాళ్ళ కాలేజీ గ్రౌండ్‌లోనే సిమెంటు కోర్టు మీద ఆడటం మొదలుపెట్టాడు. రూల్ చాలా సింపుల్. గెలిచిన టీమ్ కోర్టులో ఉంటుంది, ఓడినోళ్ళు బయటికి. బయట కూర్చున్నోళ్ళలోంచి అయిదుగురు లేస్తారు. ఒకరోజు ఒక టీమ్‌లో నలుగురే ఉన్నారు. పాతబస్తీ అబ్బాయి ఒకడు మామయ్య వైపు చూసి, "ఆజా మియా" అన్నాడు. అంతే. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, మార్కులు అడగలేదు.

"నా హిందీ అంతా కోర్టులోనే వచ్చిందిరా" అంటాడు మామయ్య. "పాస్ దేరే", "హల్లు హల్లు", "నక్కో మియా". ఆ టీమ్‌లో పాతబస్తీ వాళ్ళుండేవాళ్ళు, సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే తమిళ అబ్బాయిలుండేవాళ్ళు, జిల్లాల నుంచి వచ్చిన మనోళ్ళుండేవాళ్ళు. క్లాసులో ఎవరి బెంచీ వాళ్ళది. కోర్టులో మాత్రం పాస్ ఇవ్వకపోతే ఆట నడవదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అసలు ఈ ఆట ఎక్కడిదో చూద్దాం. 1891 డిసెంబర్, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. అక్కడి వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో జేమ్స్ నైస్మిత్ అనే టీచర్ ఉండేవాడు. బయట చలి, కుర్రాళ్ళకి లోపల ఆడుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆయన పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెచ్చి, జిమ్‌లో బాల్కనీ రెయిలింగ్‌కి కొట్టించాడు. ఆ బాల్కనీ ఎత్తు 10 అడుగులు. ఈ రోజుకీ రింగు ఎత్తు అదే 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. ఎవరో సైంటిస్టు లెక్కగట్టి పెట్టింది కాదు, ఆ బిల్డింగ్ అలా ఉందంతే! మొదటి మ్యాచ్‌లో టీమ్‌కి 9 మంది. స్కోరు 1-0. 13 రూల్స్ రాశాడు. బుట్టకి అడుగు ఉండేది కాబట్టి బంతి పడిన ప్రతిసారీ ఎక్కి తీయాల్సి వచ్చేది.

మన దగ్గరికి కూడా వైఎంసీఏ దారిలోనే వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ మొదలుపెట్టాడు. అలాంటి చోట చదివిన పీఈటీ సార్లు స్కూళ్ళకి, కాలేజీలకి వెళ్ళి ఆట నేర్పారు. అందుకే మన దగ్గర బాస్కెట్‌బాల్ ఊళ్ళలో కన్నా సిటీ స్కూళ్ళు, కాలేజీలు, రైల్వే గ్రౌండ్లు, వైఎంసీఏల చుట్టూ పెరిగింది. ఇంకో కారణం జాగా. క్రికెట్‌కి మైదానం కావాలి. దీనికి 500 గజాల సిమెంటు నేల, రెండు పోల్స్, ఒక బంతి చాలు. వాన ఆగిన అరగంటకి చీపురుతో నీళ్ళు తోసేసి మళ్ళీ ఆడొచ్చు.

మామయ్య ఫస్టియర్‌లో ఉన్నప్పుడే బార్సిలోనా ఒలింపిక్స్ జరిగాయి. ఎన్‌బీఏ ప్లేయర్లు ఒలింపిక్స్‌లో ఆడటం అదే మొదటిసారి. డ్రీమ్ టీమ్ అన్నారు దాన్ని. జోర్డన్ ఫోటో పేపర్లోంచి కత్తిరించి రూమ్ గోడకి అన్నం మెతుకులతో అంటించారంట. మరి మన ఇండియా? మన మగవాళ్ళ టీమ్ ఒలింపిక్స్‌లో ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో. 12 టీమ్స్‌లో 12వ స్థానం. అయినా వెళ్ళాం.

ఇప్పుడు నా వంతు. నేను బీటెక్‌లో చేరింది 2014లో. మా కాలేజీ కోర్టులో ఒక వింత ఉండేది. రింగు కింద పెయింట్‌తో కొట్టిన దీర్ఘచతురస్రం ఉంటుంది కదా, దాన్ని కీ అంటారు. మా కోర్టులో ఆ కొత్త పెయింట్ కింద ఇంకో ఆకారం వెలిసిపోయి కనిపించేది. పైన సన్నగా, కింద వెడల్పుగా, బోర్లించిన బకెట్ లాగా. పెయింటర్ తప్పు కొట్టాడేమో అనుకునేవాళ్ళం.

ఆ రాత్రి మామయ్యకి ఇది చెప్తే, "అది తప్పు కాదురా, అది మా కోర్టు" అన్నాడు. నిజమే. 1956 నుంచి ఫిబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, కీని ట్రెపీజియం ఆకారంలో పెట్టింది. ఫ్రీ త్రో గీత దగ్గర 3.6 మీటర్లు, బేస్‌లైన్ దగ్గర 6 మీటర్లు. ఎందుకంటే దాడి చేసే టీమ్ ప్లేయర్ ఎవరైనా ఆ కీ లోపల వరుసగా 3 సెకన్లకు మించి నిలబడకూడదు. కింద వెడల్పు చేస్తే పొడుగ్గా ఉన్నవాళ్ళు రింగు కింద పాతుకుపోకుండా దూరంగా నిలబడాల్సి వస్తుంది. 2010లో దాన్ని తీసేసి 4.9 మీటర్ల వెడల్పుతో దీర్ఘచతురస్రం చేశారు. అదే ఏడాది త్రీ పాయింట్ గీతని 6.25 మీటర్ల నుంచి 6.75కి జరిపారు.

మిగతావీ మారాయి. మామయ్య ఆడేటప్పుడు మ్యాచ్ అంటే 20 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు, షాట్ వేయడానికి 30 సెకన్లు. 2000లో అది 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, 24 సెకన్లు అయింది. త్రీ పాయింటర్ ఫిబా ఆటలోకి వచ్చిందే 1984లో. మాస్కోలో ఆడిన మనవాళ్ళకి దూరం నుంచి వేసినా రెండు పాయింట్లే.

అంటే మా కాలేజీ సిమెంటు మీద రెండు తరాల గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నాలుగేళ్ళు నేను దాని మీదే ఆడాను. కింద ఏముందో తెలీదు.

మామయ్య ఆట ఎప్పుడు ఆపేశాడు? డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మామయ్యకి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. షిఫ్టులు, పెళ్ళి, లోను. "ఆపేద్దాం అని ఎవడూ ఆపడురా. ఒకరోజు ఆడి ఇంటికొస్తావ్. అదే లాస్ట్ గేమ్ అని అప్పుడు నీకు తెలీదు" అన్నాడు. ఫ్రెండ్స్, ఈ మాట దగ్గర నేను కాసేపు సైలెంట్ అయిపోయా. ఎందుకంటే నా లాస్ట్ గేమ్ ఎప్పుడో నాకూ గుర్తులేదు. కాలేజీ అయ్యాక ఆరేళ్ళు కోడ్ రాశా, తర్వాత ఈ ఛానల్ పెట్టా. కింద కోర్టు ఉంది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా దిగలేదు.

అసలు కోర్టులు తగ్గడానికి కారణం ఎవరో విలన్ కాదు. ఐటీ వచ్చింది, జనం వచ్చారు, గజం రేటు పెరిగింది. ఖాళీగా కనిపించే 200 గజాలు అంటే ఇప్పుడు డబ్బు. పార్కింగ్ కావాలన్న వాళ్ళ బాధ కూడా నిజమే. రోడ్డు మీద కారు పెడితే అద్దం పగులుతుంది. రాత్రి పదింటికి దబ్ దబ్ అని బంతి కొడుతుంటే కింద ఫ్లోర్‌లో పసిపిల్లలు నిద్రపోరు.

కానీ లెక్క వేద్దాం. 200 గజాల్లో తిప్పుకోవడానికి దారి వదిలితే ఆరేడు కార్లు పడతాయి. అదే జాగాలో 3×3 ఆడితే ఒకేసారి ఆరుగురు. ఆట 10 నిమిషాలు, లేదా ముందు 21 పాయింట్లు ఎవరు కొడితే వాళ్ళది. షాట్‌కి 12 సెకన్లే. గీత లోపల నుంచి వేస్తే 1, బయట నుంచి 2. ఓడినోళ్ళు బయటికి, కొత్తోళ్ళు లోపలికి. ఒక సాయంత్రంలో ఎంత లేదన్నా 20, 30 మంది ఆడొచ్చు. వీధుల్లో పుట్టిన ఈ హాఫ్ కోర్టు ఆటే టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

నేను "కాదు" నొక్కాను. నొక్కి ఊరుకోలేదు, గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టా. ఆట రాత్రి 8:30కి బంద్. 10 నుంచి పొద్దున 6 దాకా అక్కడ కార్లు పెట్టుకోవచ్చు. ఆరింటికి తీసేయాలి. కొంతమంది ఒప్పుకున్నారు. "ఆదివారం కూడా ఆరింటికి లేవాలా?" అని ఒక అంకుల్ గట్టిగానే అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. చివరికి మూడు నెలలు ట్రయల్ అన్నారు, ఆదివారం ఎనిమిది దాకా టైమ్ ఇచ్చారు. మూడు నెలల్లో కోర్టు ఖాళీగా కనిపిస్తే మాత్రం పార్కింగే.

అందుకే మీకు కూడా చెప్తున్నా. మీ అపార్ట్‌మెంట్లో, మీ లేఔట్లో ఆటకి వదిలిన జాగా ఉంటే ముందు దాని ప్లాన్ కాగితం ఒకసారి చూడండి. రెండోది, అక్కడికి దిగండి. వాడని జాగాని ఎవరూ కాపాడలేరు.

పోయిన శనివారం మామయ్యని కిందికి తీసుకెళ్ళా. కొత్త నెట్ కట్టాం. మోకాలు నొప్పి అని పక్కన కూర్చున్నాడు. ఎనిమిదో క్లాసు పిల్లలు ఆడుతున్నారు, ఒక టీమ్‌లో ఇద్దరే ఉన్నారు. గోడ పక్కన కొత్తగా మా బ్లాక్‌లోకి వచ్చిన ఒక అబ్బాయి నిలబడి చూస్తున్నాడు, ఇంకా ఎవరితోనూ కలవలేదు. మామయ్య వాడి వైపు చెయ్యి ఊపి, "ఆజా మియా, ఒకడు తక్కువున్నాడు" అన్నాడు.

వాడు చెప్పులు విప్పేసి పరిగెత్తాడు.

సరే ఫ్రెండ్స్, ఈ రోజుకి ఇంతే. మీ కాలేజీ కోర్టులో, మీ గ్రౌండ్‌లో మిమ్మల్ని మొదటిసారి ఆటకి పిలిచింది ఎవరో గుర్తుందా? నంబర్ ఉంటే ఒకసారి ఫోన్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.