పూర్వాభాద్ర పక్కన ఒక గ్రహం

కార్తీక మాసంలో రాత్రి ఎనిమిదింటికి వైరా రిజర్వాయర్ కట్టెక్కి, ఊరి లైట్లకు వీపు తిప్పి తలెత్తితే నడినెత్తిన నాలుగు చుక్కల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. అందులో పడమటి రెండు చుక్కలే పంచాంగంలోని పూర్వాభాద్ర. వాటి మధ్య గీత గీస్తే, ఆ గీతకు కాస్త పడమరగా, కళ్లు చిట్లిస్తేగాని అందని మినుకు ఒకటుంది. దాని పేరు 51 పెగాసి. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ గ్రహం తిరుగుతోందని మొదట తేలింది అక్కడే, 1995లో. దాన్ని కనిపెట్టిన మిషెల్ మయోర్, డిడియె కెలోజ్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

ఈ మాట చెప్పగానే పక్కవాళ్లు అనేది ఒకటే: "పెద్ద టెలిస్కోప్‌లో చూశారన్నమాట!"

చూడలేదు. అసలు తమాషా అంతా అందులోనే ఉంది. గ్రహం తిరుగుతూ తన నక్షత్రాన్నీ కొంచెం గుంజుతుంది. నక్షత్రం మనవైపు వస్తే దాని వెలుగులోని రేఖలు నీలం వైపు, వెనక్కి పోతే ఎరుపు వైపు జరుగుతాయి. 51 పెగాసి 4.2 రోజులకోసారి ఇలా ఊగుతోంది, సెకనుకు 56 మీటర్ల వేగంతో. మన సత్తుపల్లి బస్సుకు మూడు రెట్లనుకోండి. యాభై కాంతి సంవత్సరాల దూరం నుంచి ఆ కదలికను పట్టుకున్నారు.

రెండో దారి ఇంకా సులువుగా అర్థమవుతుంది. అవతలి గట్టున చేపలు పట్టేవాళ్ల బ్యాటరీ లైటు ముందు ఉసిళ్లు ముసురుతాయి. ఇక్కణ్నుంచి ఉసిలి కనబడదు, లైటు ఒక్క క్షణం తగ్గడమే తెలుస్తుంది. గురుగ్రహమంతటిది సూర్యుడంత నక్షత్రానికి అడ్డొస్తే వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతుంది, భూమంతటిదైతే పదివేలలో ఒక వంతు కూడా తగ్గదు. ఒక్కసారి తగ్గితే లెక్కలోకి రాదు. నక్షత్రం మీది మచ్చ కావచ్చు, జంట నక్షత్రం కావచ్చు. మళ్లీ అదే వ్యవధికి, మళ్లీ అంతే తగ్గాలి.

"ఇవన్నీ అమెరికా వాళ్ల పనులు" అనేది మరో అపోహ. ఇబ్రహీంపట్నం దగ్గరి జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోప్‌తో, ఒకదానికొకటి అడ్డొచ్చే జంట నక్షత్రాల వెలుగును కొలిచారు. గ్రహాల కోసం కాదుగాని, కొలత కిటుకు ఇదే. మౌంట్ ఆబూలోని 1.2 మీటర్ల టెలిస్కోప్‌కు అమర్చిన 'పారస్' పరికరంతో 2018లో మనవాళ్లు ఏకంగా ఒక గ్రహాన్నే నిర్ధారించారు. దాని బరువు భూమికి 27 రెట్లు, దాని ఏడాది 19.5 రోజులు.

పేపర్లో వచ్చే రంగురంగుల గ్రహాల బొమ్మలు దాదాపు అన్నీ చిత్రకారులు వేసినవే. నిజం ఫొటోలు కొన్ని ఉన్నాయి, వాటిలో గ్రహం ఒట్టి చుక్క. ఇక, గ్రహాలు ఆరు వేలు దాటాయి కదా, జాతకాలు మార్చాలా అని అడిగేవాళ్లకు: నవగ్రహాల్లో సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు, ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

అన్నిటికన్నా జోరుగా తిరిగింది, "ప్రాణం దొరికిందట" అన్న మాట. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి అనే గ్రహం గాలిలో ఒక వాయువు జాడ ఉండొచ్చని చెప్పింది. భూమి మీద ఆ వాయువును ఎక్కువగా పుట్టించేది సముద్రంలోని సూక్ష్మజీవులు. ఆ సంకేతం కాకతాళీయం అయ్యే అవకాశం 0.3 శాతమని వాళ్లే అన్నారు. శాస్త్రం అడిగే గట్టితనానికి అది చాలదు. అదే సమాచారాన్ని మళ్లీ లెక్కగట్టిన ఇతరులకు గట్టి ఆధారం కనబడలేదు. హెడ్డింగుల్లో ఆ "ఉండొచ్చు" ఎగిరిపోయింది.

ఆ గ్రహం తిరిగే కె2-18 నక్షత్రం సింహరాశి దిక్కున ఉంది. ఏప్రిల్ రాత్రి కట్ట మీంచి మఘనూ ఉత్తరనూ చూపించగలను, దాన్ని మాత్రం చూపించలేను. అది కంటికి ఆనదు.