సెకండ్ హ్యాండ్ వాక్యూమ్ ట్యూబ్ కొన్నారా? వెలుగుతోంది కదా అని వదిలేయకండి.. ఇలా చెక్ చేయండి!

ట్యూబ్ యాంప్లిఫయర్ వాడేవాళ్లు ట్యూబ్ పాడైతే సెకండ్ హ్యాండ్ వైపు చూడటం మామూలే. నేనూ అదే చేశా. నా స్టీరియో యాంప్‌లో ఎడమ ఛానల్ సౌండ్ తగ్గిపోయిందని, ఆన్‌లైన్‌లో రూ.1,400 పెట్టి ఒక ఈసీసీ83 ట్యూబ్ కొన్నా. దీన్నే 12ఏఎక్స్7 అని కూడా అంటారు. అమ్మిన వ్యక్తి ట్యూబ్ చక్కగా వెలుగుతున్న వీడియో పంపాడు. బాగోకపోతే ఏడు రోజుల్లో వెనక్కి తీసుకుంటానన్నాడు.

తీరా యాంప్‌లో పెట్టి ఘంటసాల పాట వేస్తే సౌండ్ పెరిగింది కానీ.. ఎడమ స్పీకర్‌లో పోపు వేసినట్టు ఒకటే చిటపటలు! తప్పు ట్యూబ్‌దా, యాంప్‌దా? తేల్చడానికి ఏడు రోజులే టైమ్. ఆలస్యం చేస్తే డబ్బులు పోతాయి. తొందరపడితే అమ్మినవాడిని ఊరికే నిందించినట్టవుతుంది.

వెలుగు చెప్పేది కొంతే..

ట్యూబ్‌లో ఎర్రగా కనిపించేది హీటర్. అది వెలిగిందంటే ఫిలమెంట్ తెగలేదని మాత్రమే అర్థం. వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు సరిపడా వస్తున్నాయా, లోపల భాగాలు వదులయ్యాయా అన్నది వెలుగు చూసి చెప్పలేం. నేను వీడియో చూసి మోసపోయింది ఇక్కడే.

ముందు జాగ్రత్త: ఈ యాంప్‌లలో 250 నుంచి 400 వోల్టుల వరకు డీసీ ఉంటుంది. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కరెంట్ నిల్వ ఉండొచ్చు. అందుకే అడుగు మూత అస్సలు విప్పొద్దు. ట్యూబ్ తీసే ప్రతిసారీ ప్లగ్ పీకి, బాగా చల్లారేదాకా ఆగండి.

1. కంటితో చూడండి

గాజు లోపల పైభాగంలో వెండిరంగు పూత ఉంటుంది. దాన్ని గెటర్ అంటారు. అది పాలలా తెల్లగా మారితే లోపలికి గాలి వెళ్లిందని అర్థం. ఆ ట్యూబ్ ఇక పనికిరాదు. నా దాంట్లో పూత బాగానే ఉంది.

2. మల్టీమీటర్ పెట్టండి

ట్యూబ్‌ను బయటకు తీసి కింది వైపు నుంచి చూడండి. పిన్స్ మధ్య ఖాళీ దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే దిశలో లెక్కపెట్టాలి. ఈసీసీ83లో 4, 5, 9 హీటర్ పిన్స్. వీటి మధ్య తక్కువ ఓమ్‌లు చూపించాలి. మిగతా పిన్స్‌లో ఏ రెండింటి మధ్యా కనెక్షన్ చూపించకూడదు. చూపిస్తే లోపల షార్ట్ అయినట్టే. ఈ టెస్ట్ కూడా నా ట్యూబ్ పాసైంది. అయితే కొన్ని షార్ట్‌లు వేడెక్కాకే బయటపడతాయి. కాబట్టి ఇక్కడితో ఆగకండి.

3. అటూ ఇటూ మార్చండి

అన్నింటికంటే పనికొచ్చే టెస్ట్ ఇదే. పైసా ఖర్చు లేదు. ఎడమ, కుడి ఛానల్స్‌లో ఒకే స్థానంలో ఉన్న ట్యూబ్‌లను ఒకదాని చోట ఇంకొకటి పెట్టండి. సమస్య రెండో స్పీకర్‌కి మారితే తప్పు ట్యూబ్‌దే. అదే స్పీకర్‌లో ఉండిపోతే సాకెట్, రెసిస్టర్, కెపాసిటర్ లాంటివాటిని అనుమానించాలి. నేను మార్చగానే చిటపటలు కుడివైపుకి వెళ్లాయి.

4. పిన్స్ తుడవండి

పాత ట్యూబ్‌ల పిన్స్‌కి పట్టిన తుప్పు, మురికి వల్ల కూడా ఇలాంటి చప్పుడు వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టి చూడండి. చాలాసార్లు ఇంతటితోనే సరిపోతుంది. నాకు మాత్రం తేడా రాలేదు.

5. పెన్సిల్‌తో తట్టండి

వాల్యూమ్ తక్కువలో ఉంచి, పొడి పెన్సిల్ రబ్బరు వైపుతో గాజును మెల్లగా తట్టండి. చెయ్యి తగలనివ్వకండి, గాజు కాలుతుంది. ఈ రకం ట్యూబ్‌లు కాస్త టక్‌మనడం మామూలే. అందుకే బాగున్న ట్యూబ్‌తో పోల్చి చూడాలి. నా ట్యూబ్ తట్టినప్పుడల్లా గంటలా మోగి, చిటపటలు రెట్టింపయ్యాయి. లోపల భాగాలు వదులైనట్టే లెక్క.

ఇక మార్చి పెట్టిన వీడియో, తట్టిన వీడియో రెండూ ఆరో రోజున పంపించా. మాటా మాటా అనుకోకుండానే డబ్బులు వెనక్కి వచ్చాయి.

ఇంకో మాట.. పవర్ ట్యూబ్‌లో హీటర్ కాకుండా బయట ఉండే మెటల్ ప్లేటే ఎర్రబడితే వెంటనే ఆఫ్ చేయండి. బయాస్ తప్పినా, కప్లింగ్ కెపాసిటర్ లీకైనా అలా జరుగుతుంది. అది సరిచేయకుండా కొత్త ట్యూబ్ పెడితే అదీ కాలిపోతుంది. అది మెకానిక్ పని, మనం చేయి పెట్టకూడదు.

ఈసారి కొనేటప్పుడు వెలుగుతున్న వీడియో అడగకండి. ట్యూబ్ టెస్టర్ రీడింగ్ అడగండి. అది లేదంటే, పాట ప్లే అవుతుండగా తట్టి చూపించమనండి. రిటర్న్ గడువు ఎన్ని రోజులో మెసేజ్‌లో రాయించుకోవడం మర్చిపోకండి!