మీకు తెలుసా? ప్రపంచకప్‌ ఆడిన తెలుగు మూలాల మిడ్‌ఫీల్డర్

2006 జూన్. ఇప్పటి ఏలూరు జిల్లాలోని మన చాట్రాయి మామిడి తోటల్లో రసాల కోత అయిపోవస్తున్న రోజులు. అదే నెలలో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరుగుతోంది. ఫ్రాన్స్ జట్టులో 10వ నంబరు చొక్కా వేసుకున్న జిదాన్‌ను లోకమంతా చూసింది. అదే జట్టులో 8వ నంబరు చొక్కా వేసుకున్న మిడ్‌ఫీల్డర్ పూర్వీకులు తెలుగువాళ్లని మీకు తెలుసా?

ఆయన పేరు వికాస్ రావు దొరాసూ. 1973 అక్టోబరు 10న ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో, హార్‌ఫ్లూర్ అనే ఊళ్లో పుట్టాడు. అమ్మానాన్నలది మారిషస్. ఆ కుటుంబం తరాల కిందట ఆంధ్ర దేశం నుంచి మారిషస్ చేరిన తెలుగు కుటుంబం.

ఆ ప్రయాణాల కథ మనం మరిచిపోకూడనిది. చెరకు తోటల్లో బానిసత్వం రద్దవుతుండటంతో మారిషస్‌లోని తెల్ల దొరలకు కూలీలు కరువయ్యారు. 1834 నుంచి భారతీయులను ఒప్పందం మీద ఓడల్లో తీసుకెళ్లడం మొదలైంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఎక్కిన రేవు కాకినాడ దగ్గరి కోరంగి. 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ మనవాళ్లను మోసుకుని మారిషస్ చేరింది. అందుకే అక్కడి తెలుగువాళ్లకు చాలాకాలం ‘కోరంగీలు’ అనే పేరుండేది. ఆ ఒప్పంద కూలీల వారసులు ఇప్పటికీ ఉగాది చేసుకుంటారు. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది.

ఇక ఆట సంగతి. మిడ్‌ఫీల్డర్ అంటే మైదానం నడిమధ్యన ఉండి, వెనక ఉన్నవాళ్ల నుంచి బంతి అందుకుని, ఎదుటివాళ్ల కాళ్ల సందుల్లో దారి వెతికి ముందున్న వాళ్లకు అందించేవాడు. గోలు కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది, బంతి అందించినవాడి పేరు చాలాసార్లు రాదు. దొరాసూ చిన్న మనిషి. బలంతో నెట్టుకుంటూ పోయే రకం కాదు. బంతిని కాలి దగ్గరే ఉంచుకుని, తలెత్తి చూసి పాస్ ఇచ్చే రకం. సొంత ఊరికి ఆనుకునే ఉన్న ఓడరేవు పట్టణం లె హావ్ర్ క్లబ్బులో 1993లో మొదలుపెట్టి, 1998లో లియోన్ చేరాడు.

ఒక విచిత్రం చూడండి. 2001–02 సీజన్‌కు లియోన్ ఆయన్ని బోర్డో క్లబ్బుకు అరువిచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే లియోన్ తన చరిత్రలో తొలిసారి ఫ్రెంచి లీగ్ గెలిచింది! అయినా ఆయన చేతికీ ఒక కప్పు వచ్చింది: ఆ సీజన్‌లోనే బోర్డో ఫ్రెంచి లీగ్ కప్ గెలుచుకుంది. తిరిగి లియోన్‌కు వచ్చాక 2003లో, 2004లో వరసగా రెండు లీగ్ టైటిళ్లు ఆయన ఖాతాలో పడ్డాయి.

2004లో పిలుపు ఇటలీ నుంచి, ఏసీ మిలాన్ నుంచి వచ్చింది. అప్పటి మిలాన్ మధ్య వరసలో పిర్లో, సీడోర్ఫ్, గట్టూసో, కాకా ఉన్నారు. అలాంటి చోట ఆడే అవకాశం తక్కువ, బెంచి మీద కూర్చునే రోజులు ఎక్కువ. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. సగం ఆటకు మిలాన్ 3–0తో ముందుంది. రెండో సగంలో లివర్‌పూల్ ఆరేడు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి సమం చేసింది, పెనాల్టీ షూటౌట్‌లో కప్పు ఎత్తుకుపోయింది. ఫుట్‌బాల్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకునే ఆ రాత్రి, మిలాన్ సబ్‌స్టిట్యూట్ల బెంచి మీద దొరాసూ ఉన్నాడు. మైదానంలోకి దిగే పిలుపు రాలేదు.

ఏడాది తిరిగాక, 2006 జూలై 9న బెర్లిన్‌లో ప్రపంచకప్ ఫైనల్. జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మాటెరాజీ ఛాతీ మీద కుమ్మిన మ్యాచ్. అదీ షూటౌట్‌కే వెళ్లింది, అందులోనూ దొరాసూ జట్టే ఓడింది, అప్పుడూ ఆయన బెంచి మీదే ఉన్నాడు. ప్రపంచ ఫుట్‌బాల్‌లో అతి పెద్దవైన రెండు ఫైనళ్లను ఓడిన జట్టు బెంచి మీద నుంచి చూడటం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్ మీద, దక్షిణ కొరియా మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కొద్దిసేపే ఆయన ఆట.

ఆ నిరీక్షణను ఆయన ఊరికే పోనివ్వలేదు. మిత్రుడు ఫ్రెడ్ పూలే ఇచ్చిన సూపర్ 8 కెమెరా వెంట తీసుకెళ్లి, హోటల్ గదుల్లో, ప్రయాణాల్లో తన రోజుల్ని చిత్రీకరించాడు. అదే ‘సబ్‌స్టిట్యూట్’ అనే డాక్యుమెంటరీ అయింది, 2007 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. ప్రపంచకప్ ఆడుతూ తన ఒంటరితనాన్ని తానే సినిమాగా తీసిన ఆటగాడు నాకు తెలిసి మరొకరు లేరు. గెలుపు కబుర్లు చెప్పే ఆత్మకథలు వంద ఉంటాయి. అవకాశం రానివాడి మనసు చూపించిన ఈ చిత్రం వాటికంటే విలువైనదని నా అభిప్రాయం.

గోలు సంగతి కూడా చెప్పాలి. ఫ్రాన్స్ తరఫున 18 మ్యాచ్‌లు ఆడిన దొరాసూ ఒకే ఒక్క గోలు కొట్టాడు. 2005 అక్టోబరు 12న సైప్రస్ మీద వచ్చిన ఆ గోలుతో కలిపి ఫ్రాన్స్ 4–0తో గెలిచి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. క్లబ్బు ఆటలో ఆయన మరపురాని గోలు 2006 ఏప్రిల్ 29న వచ్చింది. ఫ్రెంచి కప్ ఫైనల్, అప్పటికి ఆయన ఆడుతున్న పారిస్ సాంజెర్మాఁ క్లబ్బుకు ఎదురుగా బద్ధ శత్రువు మార్సెయ్. దూరం నుంచి దొరాసూ కొట్టిన షాట్ వలలో పడింది. పారిస్ 2–1తో కప్పు గెలిచింది.

ఆ తర్వాత ఆర్నెల్లకే కోచ్‌తో విభేదాలు పత్రికలకెక్కాయి. 2006 అక్టోబరులో పారిస్ క్లబ్బు ఆయన్ని ఉద్యోగంలోంచి తొలగించింది. ఇటలీలోని లివోర్నోకు వెళ్లినా అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే బయటికొచ్చి, ఆటకు వీడ్కోలు చెప్పాడు. ఫుట్‌బాల్‌లో స్వలింగ సంపర్కుల మీద జరిగే అవహేళనకు వ్యతిరేకంగా పనిచేసిన ‘పారిస్ ఫుట్ గే’ క్లబ్బుకు అండగా నిలిచాడు. 2020లో పారిస్ నగరపాలక ఎన్నికల్లోనూ పోటీ చేశాడు.

దొరాసూలా పరదేశానికి వెళ్లి ఆడే మిడ్‌ఫీల్డర్ల మాట వస్తే ఐస్‌లాండ్‌ను తలచుకోవాలి. ఆ దేశ జనాభా మొత్తం నాలుగు లక్షలకు లోపే. చాట్రాయి ఉన్న మన ఏలూరు జిల్లా జనాభాయే 20 లక్షలు! ఏడాదిలో సగం మంచు, గాలి. అయినా పెద్ద పెద్ద ఇండోర్ మైదానాలు కట్టుకున్నారు, చిన్న పిల్లలకు సైతం శిక్షణ పొందిన కోచ్‌లను పెట్టుకున్నారు. సొంత లీగ్ చిన్నది కాబట్టి కుర్రాళ్లు టీనేజీలోనే దేశం దాటతారు. గిల్ఫీ సిగుర్డ్‌సన్ అలాగే ఇంగ్లండ్‌లోని రెడింగ్ అకాడమీకి వెళ్లి, స్వాన్సీ, టోటెన్‌హామ్, ఎవర్టన్ దాకా ఎదిగాడు. 2018లో ఐస్‌లాండ్ ప్రపంచకప్‌కు వచ్చినప్పుడు, అప్పటివరకూ ఆ పోటీ ఆడిన దేశాలన్నింటిలో జనాభా లెక్కన అదే చిన్నది. తొలి మ్యాచ్‌లోనే మెస్సీ ఉన్న అర్జెంటీనాను 1–1తో నిలబెట్టింది. మెస్సీ పెనాల్టీని ఆపిన గోల్‌కీపర్ హాల్డోర్సన్ సినిమాలు తీసే దర్శకుడు కూడా.

ఐస్‌లాండ్ ఆటగాళ్లు మన దేశానికీ వచ్చారు. బార్సిలోనా, చెల్సీలకు ఆడిన గుడ్యోన్‌సన్‌తో 2016లో పుణె సిటీ క్లబ్బు ఒప్పందం చేసుకుంది. గాయం వల్ల ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

మన నేల మీద పుట్టి విదేశీ క్లబ్బుకు వెళ్లినవాళ్లు లేరా అంటారేమో. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తండా నుంచి జాగ్రెబ్ దాకా సాగిన ఆ అమ్మాయి ప్రయాణం దొరాసూ ప్రయాణానికి ఏమీ తీసిపోదు.

చాట్రాయి మండలంలోని పీఈటీ మాస్టార్లకు, తల్లిదండ్రులకు ఒక మనవి. కోహ్లి, ధోనీ పేర్లు మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దొరాసూ పేరు, సౌమ్య పేరు మీరే చెప్పాలి. బడి మైదానంలో రెండు చివరలా రెండేసి గోలు స్తంభాలు నాటించండి, ఆడపిల్లలనూ బరిలోకి దింపండి.