గిన్నిస్‌ని ఇంట్లో క్లోన్ చేశా: రెసిపీ ఈజీ, హార్డ్‌వేరే అసలు కథ

గిన్నిస్ డ్రాఫ్ట్ క్యాన్ ఖాళీ అయ్యాక ఎప్పుడైనా ఊపి చూశారా? లోపల ఏదో గోలీలా గలగలమంటుంది. అదొక చిన్న ప్లాస్టిక్ బంతి, పేరు విడ్జెట్. కొత్త ఫోన్ కనిపిస్తే టియర్‌డౌన్ వీడియో వెతికే అలవాటున్న నేను ఓ శనివారం ఆ క్యాన్‌ని కూడా కోసి చూశా. పిచ్చి అక్కడే మొదలైంది. ఈ నల్ల బీర్‌ని మన కిచెన్‌లో క్లోన్ చేయలేమా?

ముందు ఒక డిస్‌క్లెయిమర్. నేనుండేది అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. సొంతానికి ఇంట్లో బీర్ తయారు చేసుకోవడానికి ఇక్కడ 1978 ఫెడరల్ చట్టం వీలు కల్పించింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200. అమ్మడం మాత్రం కుదరదు. మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అక్కడున్నవాళ్లు చదివి ఎంజాయ్ చేయండి, ట్రై చేయకండి.

బాక్స్‌లో ఏముంది?

నేను కొన్నది 'డ్రై ఐరిష్ స్టౌట్' కిట్. 5 గ్యాలన్లకి, అంటే సుమారు 19 లీటర్లకి సరిపోతుంది. ధర 40 డాలర్ల దగ్గర. లోపల తేనెలా చిక్కగా ఉండే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, నల్లగా వేయించిన బార్లీ, చేదు కోసం హాప్స్, ఈస్ట్ ప్యాకెట్, బాటిల్స్‌లో గ్యాస్ పుట్టడానికి 140 గ్రాముల చక్కెర ఉన్నాయి. బకెట్, ఎయిర్‌లాక్, హైడ్రోమీటర్, సైఫన్, మూతలు బిగించే క్యాపర్ కలిపి స్టార్టర్ సెట్‌కి ఇంకో 100 డాలర్లు పడింది.

టార్గెట్ సింపుల్. ఒరిజినల్‌లో ఆల్కహాల్ 4.2 శాతం. మనదీ అంతే రావాలి. డెడ్‌లైన్ కూడా ఉంది. మా రూమ్మేట్‌కి సియాటిల్‌లో జాబ్ వచ్చింది, మూడు నెలల్లో వెళ్లిపోతాడు. వాడికిష్టమైన బీర్ ఇదే. ఫేర్‌వెల్‌కి నా చేత్తో చేసింది పోయాలని ప్లాన్.

వెర్షన్ 1

వేయించిన బార్లీని గుడ్డ సంచిలో కట్టి 68 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచాలి, టీ బ్యాగ్ లాగే. మరిగే నీళ్లలో వేస్తే పొట్టులోని వగరు దిగిపోతుంది. ఇల్లంతా ఫిల్టర్ కాఫీ వాసన! తర్వాత ఎక్స్‌ట్రాక్ట్, హాప్స్ వేసి గంటసేపు మరిగించి, ఐస్ నీళ్ల టబ్‌లో గిన్నె పెట్టి 20 డిగ్రీలకి చల్లార్చి, ఈస్ట్ చల్లి బకెట్ మూత పెట్టేశా. మరిగించడం అయ్యాక బీర్‌కి తగిలే ప్రతి వస్తువునీ శానిటైజ్ చేయాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే ఐదు వారాల తర్వాత చేతికొచ్చేది పుల్లటి నీళ్లే.

టెక్సాస్ ఎండకి గది వేడెక్కకుండా బకెట్‌ని నీళ్ల టబ్‌లో పెట్టి, తడి టీషర్ట్ చుట్టి, ఫ్యాన్ ఆన్ చేశా. ఎండాకాలం అమ్మమ్మ మంచినీళ్ల కుండకి తడిగుడ్డ చుట్టేది కదా, అదే కూలింగ్ టెక్నాలజీ.

హైడ్రోమీటర్ రీడింగ్ మొదట 1.042, రెండు వారాలకి 1.010. తేడాని 131తో గుణిస్తే 4.2 శాతం. స్పెక్ షీట్ మీద పర్ఫెక్ట్ మ్యాచ్! బాటిల్స్‌లో నింపి ఇంకో రెండు వారాలు ఆగి, రూమ్మేట్‌కి గ్లాస్ ఇచ్చా. ఒక గుటక వేసి అన్నాడు: "మామా, బాగానే ఉంది రా. కానీ ఇది గిన్నిస్ కాదు."

నేనూ తాగి చూశా. వాడన్నది నిజమే. పల్చగా ఉంది, కోలాలా నాలుక మీద చురుక్కుమంటోంది, నురగ నిమిషంలో మాయం.

వెర్షన్ 2: బగ్ ఫిక్సెస్

పల్చదనానికి కారణం దొరికింది. ఈ స్టైల్‌కి ఒళ్లు ఇచ్చేది బార్లీ అటుకులు. నా కిట్‌లో అవి లేవు. ఊరికే నానబెడితే పని జరగదు. అందులోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైమ్‌లు మాల్ట్‌లో ఉంటాయి. అందుకే ఈసారి అటుకుల్ని మామూలు మాల్ట్‌తో కలిపి 66 డిగ్రీల్లో గంటసేపు ఉంచి, ఎక్స్‌ట్రాక్ట్ ఆ మేరకు తగ్గించా.

చురుకు తగ్గడానికి బాటిల్స్‌లో కలిపే చక్కెరని 140 గ్రాముల నుంచి 75కి దించా. ఇక్కడో వార్నింగ్. చక్కెర ఎక్కువైనా, పులియడం పూర్తికాకుండా బాటిల్ చేసినా ప్రెజర్ పెరిగి గాజు పేలిపోతుంది. హైడ్రోమీటర్ రీడింగ్ వరుసగా మూడు రోజులు కదలకుండా ఉంటేనే మూత బిగించండి.

మిగిలింది నురగ. దీనికి రెసిపీలో జవాబు లేదు, గ్యాస్‌లో ఉంది. మామూలు బీర్‌లో ఉండేది కార్బన్ డయాక్సైడ్. గిన్నిస్‌లో మైకేల్ యాష్ అనే మ్యాథమెటీషియన్ టీమ్ 1959లో నైట్రోజన్ కలిపిన డ్రాఫ్ట్ సిస్టమ్ తెచ్చింది. నైట్రోజన్ బీర్‌లో దాదాపు కరగదు. సన్నని బుడగలుగా బయటికొచ్చి మీగడ లాంటి నురగ కడుతుంది. కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి నాలుక మీద చురుకూ తక్కువే. పబ్‌లలో సుమారు 75 శాతం నైట్రోజన్ ఉన్న గ్యాస్‌తో, సన్నని రంధ్రాల ప్లేట్ ఉన్న ట్యాప్‌లోంచి పోస్తారు. క్యాన్‌లో ఆ పని విడ్జెట్ చేస్తుంది. మూత తీయగానే ప్రెజర్ పడిపోయి, బంతిలోని గ్యాస్ చిన్న రంధ్రంలోంచి చిమ్మి బీర్ మొత్తాన్ని కదిలిస్తుంది.

కెగ్, సిలిండర్, స్టౌట్ ట్యాప్ కొనాలంటే కొన్ని వందల డాలర్లు. అంత బడ్జెట్ లేదు కాబట్టి హోమ్‌బ్రూ వాళ్ల పాత ట్రిక్ వాడా: సూది లేని సిరంజి. గ్లాస్‌లోంచి 10 ఎంఎల్ బీర్ లాగి, అదే గ్లాస్‌లోకి గట్టిగా చిమ్మాలి. గాల్లో 78 శాతం నైట్రోజనే కదా! అదనపు గ్యాస్ బయటికొచ్చేసి, పైన మందంగా నురగ కట్టింది.

బ్లైండ్ టెస్ట్

ఫేర్‌వెల్ రోజు ఆరుగురం. ఒక్కొక్కరి ముందు మూడు స్టీల్ గ్లాసులు, ఒక్కోదాంట్లో రెండు గుటకలు. రెండింట్లో ఒకే బీర్, మూడోదాంట్లో వేరేది. తేడా ఉన్న గ్లాస్ ఏదో చెప్పాలి. ఊరికే గెస్ చేసినా సగటున ఇద్దరు కరెక్ట్ చెప్తారు.

మొదటి రౌండ్‌లో నా బీర్‌ని బాటిల్‌లోంచి నేరుగా పోశా. ఆరుగురిలో ఐదుగురు పట్టేశారు. ఊరికే గెస్ చేస్తే ఇలా జరిగే ఛాన్స్ 2 శాతం కూడా లేదు. రెండో రౌండ్‌లో అవే బాటిల్స్, కానీ సిరంజి కొట్టి పోశా. ఈసారి ముగ్గురే. గెస్‌తో కూడా ఇంత రావడానికి 32 శాతం ఛాన్స్ ఉంది.

దీంతో రెండూ ఒకటేనని ప్రూవ్ అయిపోలేదు. ఆరుగురు చాలా చిన్న శాంపిల్. చిన్న శాంపిల్స్‌ని ఎంతవరకు నమ్మాలో లెక్క కట్టిన 'స్టూడెంట్' టీ-టెస్ట్ తెలుసు కదా? దాన్ని 1908లో ఆ మారుపేరుతో రాసిన విలియం గాసెట్ గిన్నిస్ ఉద్యోగే. కానీ రెండు రౌండ్ల మధ్య మారింది ఒక్కటే, పోసే పద్ధతి. బీర్ అదే.

వెర్డిక్ట్

డబ్బు ఆదా కోసమైతే వద్దు, షాప్‌లో క్యాన్ కొనుక్కోండి. రెండు బ్యాచ్‌లు, పది వారాలు, బోలెడన్ని గిన్నెలు తోమడం. కానీ మనం రుచి అనుకునేదాంట్లో ఎంత భాగం రెసిపీదో, ఎంత భాగం ఆ చిన్న ప్లాస్టిక్ బంతిదో చేతులతో తెలుసుకోవాలంటే దీన్ని మించిన ప్రాజెక్ట్ లేదు. వెర్షన్ 1కి 5/10, వెర్షన్ 2కి 8/10.

రూమ్మేట్ సియాటిల్ వెళ్లిపోయాడు. ఆ రెండో రౌండ్‌లో తప్పు చెప్పిన ముగ్గురిలో వాడూ ఒకడు. ఇంతవరకూ ఒప్పుకోలేదు.