చిన్న కారుకి సబ్ వూఫర్ బాక్స్: సీల్డ్ కావాలా, పోర్టెడ్ కావాలా?

ఈరోజు టాపిక్ కార్ ఆడియో. ఆల్టో, స్విఫ్ట్, వ్యాగనార్ లాంటి చిన్న బండిలో సబ్ వూఫర్ పెట్టిద్దాం అనుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. చాలామంది సబ్ ఏ కంపెనీది, ఎన్ని వాట్స్ అని పది రోజులు వెతుకుతారు. బాక్స్ దగ్గరికొచ్చేసరికి షాపులో ఏది రెడీగా ఉంటే అది ఎక్కించేస్తారు. కానీ ఒకే సబ్‌ని రెండు రకాల బాక్సుల్లో పెట్టి వినండి, రెండు వేరే సబ్స్ అనిపిస్తాయి.

అసలు బాక్స్ ఎందుకు? కోన్ ముందుకి కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే టైమ్‌లో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిసిపోతే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సబ్‌ని బయటపెట్టి ప్లే చేస్తే బేస్ దాదాపు రాదు, అందుకే. వెనక సౌండ్‌ని ఏం చేయాలి అన్నదే బాక్స్ డిజైన్.

సీల్డ్ బాక్స్ దాన్ని లోపలే బంధిస్తుంది. లోపలి గాలి స్ప్రింగ్‌లా పనిచేసి కోన్‌ని వెనక్కి లాగుతుంది. డప్పు దెబ్బ పడగానే వస్తుంది, వెంటనే ఆగుతుంది. పోర్టెడ్ బాక్స్‌కి ఒక గొట్టమో, సందో ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్‌మని ఒక శబ్దం వస్తుంది కదా, అదే సూత్రం. బాక్స్‌ని ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేశారో ఆ చుట్టుపక్కల సౌండ్ పెరుగుతుంది. అదే యాంప్‌తో సుమారు 3 డెసిబెల్స్ ఎక్కువ రావచ్చు, అంటే యాంప్ పవర్ డబుల్ చేసినంత. ఫ్రీగా వస్తుంటే ఎవరు వద్దంటారు?

ఫ్రీ కాదు మరి. ట్యూనింగ్ కంటే కిందికి వెళ్తే కోన్‌ని పట్టుకునే గాలి స్ప్రింగ్ ఉండదు. 35 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన బాక్స్‌లో 25 హెర్ట్జ్ ఉన్న పాట గట్టిగా పెడితే కోన్ అదుపు తప్పి ఊగుతుంది. ఇలా సబ్ పోవచ్చు. యాంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ లేకపోతే పోర్టెడ్ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు చిన్న కారుకి ఉన్న అడ్వాంటేజ్ చెప్తాను, ఇది చాలామంది షాపువాళ్లు చెప్పరు. 50 హెర్ట్జ్ సౌండ్ ఒక్క అల పొడవు దాదాపు 7 మీటర్లు. మన స్విఫ్ట్ మొత్తం పొడవే 4 మీటర్ల లోపు, అందులో క్యాబిన్ ఇంకా చిన్నది. అంత పొడవైన అల లోపల తిరగడానికి చోటుండదు. అందుకే సైకిల్ పంపులో లాగా క్యాబిన్‌లో గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుని వదులుతుంది. దాంతో సుమారు 60-70 హెర్ట్జ్ కంటే కిందికి వెళ్లేకొద్దీ బేస్ దానంతటదే పెరుగుతుంది. దీన్ని క్యాబిన్ గెయిన్ అంటారు. లెక్క ప్రకారం ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్. అద్దాలు, డోర్లు కొంత లీక్ చేస్తాయి కాబట్టి నిజంగా అంతకంటే తక్కువే వస్తుంది. సీల్డ్ బాక్స్ కింద ఎంత తగ్గుతుందో తెలుసా? అది కూడా ఆక్టేవ్‌కి 12. రెండు బగ్స్ ఒకదాన్నొకటి క్యాన్సిల్ చేసుకుని కోడ్ కరెక్ట్‌గా రన్ అయినట్టు అన్నమాట! కారు ఎంత చిన్నదైతే ఈ లాభం అంత పైనుంచే మొదలవుతుంది.

ఇక స్థలం లెక్క. 10 అంగుళాల సబ్‌కి సీల్డ్ అయితే సాధారణంగా 1 క్యూబిక్ ఫుట్ లోపు, అంటే 28 లీటర్ల లోపు సరిపోతుంది. పోర్టెడ్‌కి అంతకంటే ఎక్కువే అడుగుతాయి, పోర్ట్ ఆక్రమించే చోటు దానికి అదనం. ఆల్టో కె10 డిక్కీ మొత్తం 214 లీటర్లు. పండక్కి ఊరెళ్తుంటే సూట్‌కేసులు ఎక్కడ పెడతారు? అమ్మ ఆవకాయ జాడీ ఎక్కడ పెడతారు?

బాక్స్ బయటి కొలత చూసి మోసపోకండి. 40, 35, 30 సెంటీమీటర్ల బాక్స్ బయటినుంచి 42 లీటర్లు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క మందం అన్ని వైపులా తీసేస్తే లోపల 30 లీటర్లే. సబ్ మాగ్నెట్ ఇంకో లీటరో రెండో తింటుంది. మిగిలేది దాదాపు 1 క్యూబిక్ ఫుట్. సబ్‌తో వచ్చే పేపర్‌లో సీల్డ్‌కి ఎంత, పోర్టెడ్‌కి ఎంత అని రాసుంటుంది. షాపుకి వెళ్లే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ పేపర్‌లోనే ఎఫ్ఎస్, క్యూఈఎస్ అని రెండు నంబర్లుంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 50 దగ్గరో, అంతకంటే తక్కువో వస్తే సీల్డ్‌కి, 100 దగ్గర వస్తే పోర్టెడ్‌కి తయారైన సబ్ అని అంచనా వేయొచ్చు.

నా మాట అడిగితే హ్యాచ్‌బ్యాక్‌కి 10 అంగుళాల సీల్డ్. మీరు వినేదంతా లాగి లాగి మోగే బేస్ ఉన్న హిప్‌హాప్, ఈడీఎం అయితే, డిక్కీ వదులుకోవడానికి ఇంట్లో ఒప్పుకుంటే, అప్పుడు పోర్టెడ్, అదీ మీ సబ్ నంబర్లకి కొలిచి చేయించినదే. సీఎన్‌జీ బండి అయితే సిలిండరే డిక్కీ మింగేస్తుంది, అండర్ సీట్ సబ్ తప్ప పెద్దగా దారి లేదు. ఇల్లు అదరదు గానీ పాట నిండుగా ఉంటుంది.

షాపులో డబ్బులిచ్చే ముందు రెండు చూడండి. సీల్డ్ బాక్స్‌లో కోన్‌ని అన్ని వేళ్లతో మెల్లగా, సమంగా నొక్కి వదలండి. నెమ్మదిగా పైకి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి లీక్ అవుతున్నట్టే, జాయింట్లు మళ్లీ సీల్ చేయమనండి. రెండోది, బాక్స్‌ని బెల్ట్‌తోనో క్లాంప్‌తోనో బిగించమనండి. సబ్‌తో కలిపి 15-20 కిలోల బాక్స్ ఊరికే వదిలేస్తే సడన్ బ్రేక్ వేసినప్పుడు వెనక సీట్లో ఉన్నవాళ్ల మీదికి వస్తుంది. అలాగని స్టెప్నీ మీద శాశ్వతంగా స్క్రూలు కొట్టించొద్దు, పంక్చర్ అయిన రోజు బాక్స్ ఊడదీయాలి కదా. యాంప్, వైరింగ్, ఫ్యూజ్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.