అల్సేషియన్ వీపు ఎందుకు వాలింది?

చెవులు నిక్కబొడుచుకున్న పెద్ద కుక్క ఏది కనబడినా మన ఊళ్లలో "అల్సేషియన్" అంటాం, లేదంటే పోలీసు కుక్క అంటాం. దాని అసలు పేరు జర్మన్ షెపర్డ్, అంటే జర్మనీ గొర్రెల కాపరి కుక్క. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ పేరంటేనే గిట్టక బ్రిటన్‌లో అల్సేషియన్ అని మార్చారు. అక్కడ 1977లో పాత పేరు తిరిగి ఇచ్చారు. మనం మాత్రం ఆ కోపం నాటి పేరునే ఇంకా వాడుతున్నాం!

నేను గొర్రెలు కాసే ఇంటి నుంచి హాస్టల్‌కు వచ్చినవాణ్ణి. మా నాయిన దగ్గరున్న నల్లకుక్కది ఏ జాతో ఎవరికీ తెలియదు. నక్క వస్తే ముందే పసిగట్టిందా లేదా, అదొక్కటే దానికి పరీక్ష. ఒకప్పుడు జర్మనీలోనూ ఇదే పద్ధతి. అక్కడ చాలాచోట్ల పొలాలకు కంచెలు ఉండేవి కావు. మంద మేస్తుంటే ఒక్క గొర్రె కూడా పక్క పంటలోకి పోకుండా కుక్క గట్టు వెంట పొద్దంతా అటూ ఇటూ పరుగులాంటి నడకతో తిరగాలి. కుక్కే కంచె అన్నమాట. ఆ పనికి గట్టి నడుము, అలుపెరగని కాళ్లు కావాలి.

గుర్రపుదళంలో కెప్టెన్‌గా చేసిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899 ఏప్రిల్‌లో కార్ల్స్‌రూ పట్టణంలో ఇలాంటి కుక్కను చూసి కొన్నాడు. దానికి హోరాండ్ అని పేరు పెట్టి, ఆ నెలలోనే సంఘం స్థాపించి, జాతి పుస్తకంలో మొదటి కుక్కగా రాయించాడు. పని చేయగలగడమే ఈ జాతికి ప్రాణం అని ఆయన పట్టుదల. విచిత్రమేమిటంటే ఆయన దాన్ని చూసింది కూడా ఒక కుక్కల ప్రదర్శనలోనే.

ప్రదర్శనలో గెలిచిన మగకుక్క దగ్గరికే అందరూ తమ ఆడకుక్కలను తీసుకుపోతారు. చిక్కంతా ఇక్కడే మొదలైంది. 1925 నాటికి కుక్కలు మరీ ఎత్తుగా పెరుగుతున్నాయని స్టెఫానిట్జ్‌కు అనిపించింది. సరిదిద్దాలని, కాస్త పొట్టిగా, పొడుగాటి ఒళ్లుతో ఉన్న క్లోడో అనే కుక్కను విజేతగా ఎంచాడు. ఆ ఒక్క ఎంపికతో జాతి ఆకారమే మారిపోయింది. 1970లలో కాంటో, క్వాంటో, ముట్జ్ అనే మూడు మగకుక్కల సంతానమే ప్రదర్శన కుక్కల్లో నిండిపోయింది. మనలో మేనరికాల గురించి డాక్టర్లు చెప్పే మాటే దీనికీ వర్తిస్తుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం వస్తే, దాగి ఉన్న జబ్బు బయటపడుతుంది.

బరిలో న్యాయనిర్ణేతలకు నచ్చేది నేల మీద తేలిపోతున్నట్టుండే పొడుగు అంగల నడక. దానికోసం వెనుక కాళ్ల వంపు ఎక్కువ ఉన్నవాటిని ఏరుకుంటూ పోయారు. నిలబెట్టేటప్పుడు ఒక వెనుక కాలు వెనక్కి జరిపి పెడతారు కాబట్టి వీపు ఇంకా వాలుగా కనిపిస్తుంది. తుంటి కీలు సరిగా కూర్చోని జబ్బు కూడా ఈ జాతిలో ఎక్కువే. అయితే నేరమంతా వాలు వీపుదే అనడం తప్పు, నిటారు వీపు కుక్కలకూ అది వస్తుంది. జర్మనీ సంఘం 1966లోనే ఎక్స్‌రే తీసి తుంటికి ముద్ర వేసే పద్ధతి పెట్టింది.

2016లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన క్రఫ్ట్స్ ప్రదర్శనలో ఈ జాతిలో మొదటి బహుమతి పొందిన కుక్క సరిగ్గా నడవలేకపోవడం టీవీలో చూసి జనం మండిపడ్డారు. ఇప్పుడు ఇది దాదాపు రెండు జాతుల కింద లెక్క. ప్రదర్శన కుక్కలు వేరు, పనికుక్కలు వేరు. రెండోవాటి వీపు ఇప్పటికీ చక్కగానే ఉంది. చాలా దేశాల పోలీసులు, మన సీఆర్‌పీఎఫ్ సహా, బెల్జియన్ మాలినోయిస్ వైపు మొగ్గారు. చిత్రం, అదీ గొర్రెల కుక్కే.

మొన్న ఊరికి పోయినప్పుడు బహుమతి పొందిన ఒక కుక్క వీడియో మా నాయినకు చూపించాను. రెండుసార్లు చూసి, "మంచిగుంది బిడ్డా, గుట్ట ఎక్కుతదా?" అని అడిగాడు.